ఎలుకల మందుకు కాలిఫోర్నియా తాళం: ఇక మన ఇళ్లలో ఏం చేయాలి?

కాలిఫోర్నియాలో ఎలుకల మందు మీద ఆంక్షలు నాలుగేళ్లలో మూడుసార్లు బిగిశాయి. 2021 జనవరి 1 నుంచి ఏబీ 1788 చట్టం బ్రోడిఫకమ్, బ్రోమడయోలోన్ సహా నాలుగు శక్తిమంతమైన మందుల వాడకాన్ని చాలావరకు ఆపేసింది. 2024లో ఏబీ 1322 డైఫాసినోన్‌ను, 2025 జనవరి 1 నుంచి ఏబీ 2552 క్లోరోఫాసినోన్‌, వార్ఫరిన్‌లను ఆ జాబితాలో చేర్చాయి. వ్యవసాయం, ప్రజారోగ్యం వంటి అవసరాలకు మినహాయింపులు ఉన్నాయి. అటక మీద ఎలుకలు తిరుగుతున్నాయని వాడుకోవడానికి మాత్రం మామూలు ఇంటికి మినహాయింపు లేదు.

వార్ఫరిన్ పేరు మనలో చాలామందికి కొత్త కాదు. గుండె వాల్వు మార్చిన పెద్దవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర అదే. 1948లో ఎలుకల మందుగా వచ్చి, 1954 నుంచి మనుషులకు మందుగా వాడుకలోకి వచ్చింది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె పనిని ఇది అడ్డుకుంటుంది. మోతాదు అదుపులో ఉంటే వైద్యం, అదుపు తప్పితే విషం.

చిక్కంతా ఎలుక వెంటనే చావకపోవడంలో ఉంది. మందు తిన్నాక కొన్ని రోజులు బతికే ఉంటుంది. కొత్త తరం మందులైతే ఒక్కసారి తిన్నా చాలు. కానీ చచ్చేలోపు ఎలుక మళ్లీ మళ్లీ తింటుంది కాబట్టి, దాని ఒంట్లో అవసరానికి మించిన విషం పోగవుతుంది. నీరసించి మెల్లగా కదిలే ఆ ఎలుకే గుడ్లగూబకూ, డేగకూ, నక్కకూ సులువుగా దొరుకుతుంది. బ్రోడిఫకమ్ లాంటివి కాలేయంలో నెలల తరబడి ఉండిపోతాయి. లాస్ ఏంజెలెస్ గ్రిఫిత్ పార్కులో తిరిగిన పీ-22 అనే కొండ సింహం 2014లో చర్మరోగంతో దొరికినప్పుడు, దాని రక్తంలోనూ ఎలుకల మందు బయటపడింది. అంటే మందు మన పెరట్లో పెడితే, దాని ఫలితం అడవి దాకా పోతోంది. ఎలుకలను ఉచితంగా తినిపెట్టే పక్షులనే మనం చంపుకుంటున్నాం. చట్టం వెనక ఉన్న ఈ లెక్క సరైనదే.

అయితే ఈ చట్టాల వల్ల ఇంట్లో ప్రమాదం పోయిందనుకుంటే పొరపాటు. నిషేధించిన మందులను కుక్కో, పసిబిడ్డో పొరపాటున తింటే విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా కనిపించే బ్రోమెథలిన్ అలా కాదు. అది మెదడు, నరాల మీద దెబ్బ కొడుతుంది. దానికి విరుగుడు లేదు. మరో మందు కోలెకాల్సిఫెరాల్, అంటే విటమిన్ డి3. మితిమీరిన మోతాదులో ఒంట్లో కాల్షియం పెంచి మూత్రపిండాలను పాడుచేస్తుంది. డేగను కాపాడిన చట్టం మనల్ని విరుగుడు లేని మందు వైపు నెట్టకూడదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న బ్రాండ్ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవాలి. పిల్లలెవరైనా నోట్లో పెట్టుకున్నట్టు అనుమానం వస్తే, లక్షణాల కోసం చూడకుండా 1-800-222-1222 నంబరుకు, అంటే పాయిజన్ కంట్రోల్‌కు, ఫోన్ చేయాలి. డబ్బా చేతిలో పట్టుకుని చేయాలి.

మరి ఎలుకల సంగతి? పెస్ట్ కంట్రోల్ రంగం చెప్పే మాట కొట్టిపారేసేది కాదు. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, రోగాలు తెస్తాయి. కాకపోతే మందు పెట్టి చంపినా, దారి తెరిచి ఉంటే ఇంకో ఎలుక వస్తుంది. చిట్టెలుకకు పావు అంగుళం సందు, పెద్ద ఎలుకకు అరంగుళం సందు చాలు. పైపుల చుట్టూ ఉన్న సందుల్లో స్టీల్ ఊల్ కూరి సీలెంటుతో మూయాలి. అటక, క్రాల్ స్పేస్ గాలి కంతలకు పావు అంగుళం కళ్లున్న ఇనుప మెష్ బిగించాలి. కప్పు మీదికి వాలిన కొమ్మలను కనీసం మూడడుగుల దూరానికి కొట్టించాలి. లోపల మిగిలినవాటికి స్నాప్ ట్రాపులు, పిల్లలకు అందని చోట.

మన ఇళ్లకు ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి. గరాజ్‌లో పెట్టే సోనామసూరి బస్తాలు, పప్పుల సంచులు మూత గట్టిగా ఉన్న డబ్బాల్లోకి మారాలి. పెరట్లో రాలిన నిమ్మ, నారింజ కాయలను రోజూ ఏరాలి. పిట్టలకు చల్లే గింజలు రాత్రికి మిగలకూడదు. ఇంకొకటి, జీవహింస ఎందుకని బోనులో పట్టి దూరంగా వదిలిరావడం మనకు అలవాటు. ఉడుత, రకూన్ లాంటి వాటిని ఇక్కడ అనుమతి లేకుండా మరోచోట వదలడం నిబంధనలకు విరుద్ధం. కొత్త చోట తిండీ గూడూ దొరక్క అవి బతకడం కూడా కష్టమే.

ఖర్చు ఎవరిదన్నది అసలు ప్రశ్న. సందులు మూయించడం మందు డబ్బా కన్నా చాలా ఖరీదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: కాలిఫోర్నియా సివిల్ కోడ్ 1941.1 ప్రకారం ఎలుకలు లేని ఇల్లు ఇవ్వడం యజమాని బాధ్యత. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా ఫొటోలతో ఈమెయిల్ పెట్టాలి. టౌన్‌హోమ్ అయితే ఒక్క ఇల్లు మూసినా లాభం లేదు, గోడ అవతలి నుంచి వస్తాయి. అందుకని హెచ్‌ఓఏ మీటింగులో మాట్లాడాలి. అలమేడా, శాంటా క్లారా కౌంటీల్లో వెక్టర్ కంట్రోల్ సిబ్బంది వచ్చి ఎలుకలు ఎక్కడి నుంచి దూరుతున్నాయో ఉచితంగా చూపిస్తారు. మన ఇంటి పన్నుతో నడిచే సేవ అది. కంపెనీకి వందల డాలర్లు కట్టే ముందు వాళ్లను పిలవడం తెలివైన పని.

చట్టం సగం పని చేసింది. మిగతా సగం చేయాలంటే సందులు మూసుకోవడానికి ఇంటివాళ్లకు చేయూత కావాలి, విరుగుడు లేని మందుల అమ్మకం మీద కూడా నిఘా కావాలి. ఈసారి మీ ప్రాంతపు అసెంబ్లీ సభ్యులు మన సంఘం వేడుకలకు వచ్చినప్పుడు ఫొటోతో పాటు ఈ మాట కూడా అడగండి.