వెనక వరుస వాళ్లు

ఒకే పాటను నాలుగోసారి కొనేవాళ్లు లోకంలో ఉన్నారు. ఇంట్లోవాళ్లకు అది బొత్తిగా అర్థం కాదు. ‘ఉన్నదే కదా, మళ్లీ ఎందుకు?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. పాట మారలేదు. వాయించినవాళ్లు పోయి ఎన్నో ఏళ్లయింది. మారిందల్లా దాన్ని శుభ్రం చేసిన చెయ్యి.

1935 నుంచి ఓ పదేళ్లపాటు అమెరికా కుర్రకారును ఊపేసిన స్వింగ్ జాజ్ అభిమానుల సంగతి ఇది. బెన్నీ గుడ్‌మన్, డ్యూక్ ఎలింగ్టన్, కౌంట్ బేసీ బృందాలు ఆనాడు ఇచ్చిన మూడు నిమిషాల రికార్డులే ఎల్పీలై, క్యాసెట్లై, సీడీలై, మళ్లీ ఎల్పీలై తిరిగొస్తున్నాయి. వచ్చిన ప్రతిసారీ అట్ట మీద ‘రీమాస్టర్డ్’ అని ఉంటుంది. ఆ ఒక్క ముక్క చాలు, చెయ్యి జేబులోకి పోతుంది. ఈ పిచ్చి నాకూ కాస్త అంటుకుంది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఆ పాత 78 ఆర్‌పీఎం ప్లేట్లలో మన వాటా కూడా ఒకటుంది. వాటిని లక్కతో చేసేవారు. ఆ లక్కలో చాలా భాగం మన దేశపు అడవుల్లోంచి, ముఖ్యంగా ఛోటా నాగపూర్ చెట్ల కొమ్మల మీంచి ఓడలెక్కి వెళ్లింది. ఏటికొప్పాక బొమ్మకు నునుపునిచ్చే లక్క, లాడ్ బజార్ గాజులో తళుక్కుమనే లక్క, అక్కడ గుడ్‌మన్ క్లారినెట్‌ను మోసింది.

నిజానికి ప్లేటులో లక్క పాలు తక్కువ, రాతిపొడి పాలు ఎక్కువ. ఉక్కు ముల్లు కాస్త అరిగి గాడిలో సరిగ్గా ఇమడాలంటే ఆ గరుకు కావాలి మరి. అందుకే పాత రికార్డు వేయగానే వినిపించే ‘సుయ్’మనే హోరును కాలం మీదికి నెట్టలేం. కొత్త ప్లేటులోనూ అది కొంత ఉండేది. రాయికీ ఉక్కుకూ మధ్య రాపిడి అది.

1942లో యుద్ధం మూలంగా లక్క రాక చిక్కులో పడింది. రికార్డులకు వాడే లక్కను అమెరికా ప్రభుత్వం 70 శాతం కోసేసింది. కొత్త ప్లేటు కావాలంటే పాతది తెచ్చిమ్మన్న దుకాణాలున్నాయి. అలా తెచ్చినవాటిని పిండి చేసి, కరిగించి మళ్లీ అచ్చు పోశారు. ఏ పాట కోసం ఏ పాట కరిగిపోయిందో ఎవరికి తెలుసు!

మిగిలినవాటిని బాగుచేసే పని ఓపికతో కూడుకున్నది. ఉన్నంతలో మంచి ప్లేటును ముందు వెతకాలి. గాడిలో అరిగిపోయిన భాగాన్ని వదిలేసి, అరగని గోడను తాకేలా ముల్లు పరిమాణం ఎంచుకోవాలి. 78 అని పేరే గానీ అన్నీ ఖచ్చితంగా ఆ వేగంతో రికార్డయినవి కావు. వేగం సరిచూసుకోకపోతే శ్రుతి తప్పుతుంది. ఇంగ్లండులో జాన్ ఆర్.టి. డేవిస్ అనే ఆయన, ఇప్పటి కంప్యూటర్లు లేని రోజుల్లో, టేపు మీద ‘టిక్’మన్న చోటు ఎక్కడుందో పట్టుకుని, అక్కడి పూతను బ్లేడుతో రవ్వంత గీకేసేవారు. ఒక్కో టిక్కునూ విడివిడిగా. మూడు నిమిషాల పాటకు ఎన్ని గంటలు పట్టేదో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తుంది. ఒక్కోసారి అతిగా చేస్తుంది. హోరును మొత్తం తుడిచేస్తే డ్రమ్ముల పక్కనుండే తాళాల మెరుపూ దాంతోపాటే పోతుంది. ఇంకొందరైతే లేని హాలు ప్రతిధ్వనిని కూడా కలిపి ఇచ్చారు. దీనికి పూర్తిగా ఎదురు దారి తొక్కినవాళ్లూ ఉన్నారు. 1938 జనవరి 16న న్యూయార్క్ కార్నెగీ హాల్లో గుడ్‌మన్ చేసిన కచేరీ 1950లో ఎల్పీగా వచ్చింది. 1999లో ఫిల్ షాప్ అనే ఆయన దాన్ని మళ్లీ సీడీలుగా తెచ్చినప్పుడు చిటపటలను చాలావరకు అలాగే వదిలేశారు. శుభ్రం చేయబోయి సంగీతాన్ని కోసేయకూడదన్నది ఆయన పట్టు. చాలామంది విసుక్కున్నారు. నాకైతే కాసేపటికి ఆ చప్పుడు చెవికి ఆనడం మానేస్తుంది.

ఇన్నిసార్లు కొని విన్నాక నాకు తోచింది ఒకటి చెప్పాలి. ప్రతి మంచి రీమాస్టర్‌లోనూ కొత్తగా దగ్గరికొచ్చేది ముందు నిలబడి వాయించినవాళ్లు కారు. వాళ్లు ఎంత అరిగిన ప్లేటులోనైనా వినిపిస్తారు. లెస్టర్ యంగ్ శాక్సఫోన్‌ను ఏ హోరూ ముంచలేదు. కొత్తగా వినపడేది వెనక కూర్చున్నవాళ్లు.

బేసీ బృందంలో ఫ్రెడ్డీ గ్రీన్ అని ఒక గిటారిస్టు ఉండేవారు. 1937లో చేరి, 1987లో కన్నుమూసేదాకా ఇంచుమించు యాభై ఏళ్లు ఆ బృందంతోనే ఉన్నారు. వాయించింది దాదాపు ఎప్పుడూ కరెంటు లేని గిటారే. ఒంటరిగా వాయించి చప్పట్లు కొట్టించుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆయన పనల్లా మాత్రకొక మీటు, అందరి కాళ్లూ తడబడకుండా. నేను మొదట విన్న పాత ఎల్పీలో ఆయన ఉన్నట్టే తెలియలేదు. తర్వాతి ముద్రణలో ఏదో కదిలినట్టుంది. ఇంకో ముద్రణలో తీగ మీద వేలు పడటం వినిపించింది. ఆ గిటారు వినిపించాక మిగతా పదిమంది కూడా కొత్తగా వినపడ్డారు.

వయసు కూడా ఇలాంటి పనే చేస్తుందేమో. ఇరవైల్లో నాకు ట్రంపెట్ తప్ప ఏదీ పట్టేది కాదు. ఇప్పుడు చెవి తనంతట తానే బాస్ దగ్గరికి పోతోంది. చిన్నప్పటి ఇంటిని తలచుకున్నా అంతే. వరండాలో కూర్చుని గలగలా కబుర్లు చెప్పిన మామయ్య మాటలు మాటకు మాట గుర్తున్నాయి. ఆ కబుర్లు సాగేంతసేపూ లోపలినుంచి కాఫీలు పంపుతూనే ఉన్న అత్తయ్య ఏం మాట్లాడేదో ఎంత ప్రయత్నించినా జ్ఞాపకం రాదు. ఆమె గొంతుకు రెండో ముద్రణ లేదు.

రికార్డుల విషయంలో మాత్రం ఒక్కోసారి అదృష్టం కలిసొస్తుంది. 1932 ఫిబ్రవరిలో ఎలింగ్టన్ బృందం విక్టర్ కంపెనీకి వాయించినప్పుడు రెండు మైకులు, రెండు రికార్డింగ్ యంత్రాలు ఒకేసారి పనిచేశాయి. 1980లలో ఇద్దరు కలెక్టర్లు ఆ జంట ప్లేట్లను పోల్చి చూసి, రెండింటినీ కలిపి వేశారు. స్టీరియో ప్లేట్లు బజారుకు రావడానికి పాతికేళ్ల ముందు, ఎవరూ అనుకోకుండా రికార్డయిన స్టీరియో! అంతవరకూ ఒక్క ముద్దగా వినిపించిన బృందంలోవాళ్లు కుడికీ ఎడమకూ సర్దుకుని ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు.

1940 నవంబరు 7, గురువారం. నార్త్ డకోటాలోని ఫార్గో అనే ఊళ్లో క్రిస్టల్ బాల్‌రూమ్‌లో ఎలింగ్టన్ బృందం డ్యాన్సుకు వాయిస్తోంది. జాక్ టవర్స్, డిక్ బరిస్ అనే ఇద్దరు కుర్రాళ్లు అనుమతి అడిగి, మోసుకొచ్చిన యంత్రంతో ఆ రాత్రిని ప్లేట్ల మీదికి ఎక్కించుకున్నారు. అమ్ముకోవడానికి కాదు, తాము వినడానికి. ప్లేటు నిండిన చోట పాట మధ్యలో తెగిపోతుంది. నాట్యం చేస్తున్నవాళ్ల మాటలు, కేకలు అందులో కలిసిపోయాయి. జిమ్మీ బ్లాంటన్ బాస్ గుండె చప్పుడంత దగ్గరగా ఉంది. ఆ కుర్రాడు మరో రెండేళ్లకే, ఇరవై మూడేళ్లకు క్షయతో పోయాడు.

ఆ ప్లేట్లు 1978లో గానీ అధికారికంగా ఎల్పీలుగా రాలేదు. 1980లో వాటికి గ్రామీ వచ్చింది. అప్పటికి ఎలింగ్టన్ లేరు. టవర్స్ అమెరికా వ్యవసాయ శాఖ రేడియో విభాగంలో ఉద్యోగం చేసుకుంటూ, తర్వాత విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులోనూ, ఇతరుల పాత రికార్డుల చిటపటలు తీస్తూ గడిపారు. చాలా ఎల్పీల అట్టల వెనక చిన్న అక్షరాల్లో ఆయన పేరుంటుంది. అది చూసి ప్లేటు కొనేసేవాళ్లున్నారు. వాయించిందెవరో ఇంటికెళ్లాక చూసుకుంటారు.