పదవి చేతులు మారాలి, ఫైలు సంఘంలోనే ఉండాలి

2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ వర్గీకరణ ఆర్డినెన్స్ తెచ్చింది. 15 శాతం రిజర్వేషన్‌ను 1, 6.5, 7.5 శాతాలుగా మూడు గ్రూపులకు పంచింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన ఎమ్మార్పీఎస్ ప్రధాన డిమాండ్ అలా చట్టరూపం తీసుకుంది. ఈ ముప్పై ఏళ్లూ ఆ ఉద్యమానికి ముఖం మంద కృష్ణ మాదిగే. ఒకే డిమాండ్ మీద ఒకే నాయకత్వం నిలబడింది కాబట్టే ఇది సాధ్యమైందనే వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం.

కానీ మండల కమిటీ పని వేరు. శ్మశాన స్థలం, ఇళ్ల పట్టాలు, పోలీస్ స్టేషన్‌లో నమోదు కాని అట్రాసిటీ కేసు... అక్కడ ఒక డిమాండ్ గెలిస్తే పని అయిపోదు. అలాంటి చోట ఒకే కన్వీనర్ ఎన్నేళ్లు ఉండాలి? మాదిగ, మాల సంఘాలన్న తేడా లేకుండా, రాయలసీమలో ప్రతి దళిత సంఘమూ ఈ ప్రశ్న వేసుకోవాలి.

జీతం లేని పదవిని ఎవరు మోయగలరు? పశ్చిమ కర్నూలులో కోసిగి, హొళగుంద వైపు ఖరీఫ్ అయ్యాక ఇళ్లకు తాళాలు వేసి సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరప, పత్తి పనుల్లో నెలల తరబడి ఉండిపోతారు. ఉమ్మడి కడప జిల్లాలోని రాజంపేట, రాయచోటి ప్రాంతాల మహిళలు కువైట్‌లో ఇంటిపనులకు వెళ్తారు. ఇక ఊళ్లో మిగిలేది చిన్న ఉద్యోగమో, అంగడో, కాస్త పొలమో ఉన్నవాళ్లు. పదవి వాళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఇందులో పదవీ వ్యామోహం కన్నా కరువు పాత్రే ఎక్కువ. అందుకే కాలపరిమితి పెట్టినంత మాత్రాన సుగ్గికి పోయేవాళ్ల చేతికి పదవి రాదు. అన్న దిగితే తమ్ముడు ఎక్కుతాడు.

కాలపరిమితికి మన ముందే ఒక నమూనా ఉంది. 2012లో కోజికోడ్ మహాసభలో సీపీఎం తన నిబంధనావళిని సవరించింది. ఏ స్థాయి కార్యదర్శి అయినా మూడు పూర్తి విడతలకు మించి కొనసాగకూడదు. ప్రత్యేక పరిస్థితిలో నాలుగో విడత కావాలంటే నాలుగింట మూడు వంతుల మెజారిటీ తప్పనిసరి. అంటే మినహాయింపు ఉన్నా, అది నాయకుడి ఇష్టం మీద నడవదు.

దీనికి బలమైన అభ్యంతరం చుండూరు నుంచి వస్తుంది. 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపిన ఆ కేసులో ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. కేసులు ఇరవై ఏళ్లు నడిచే దేశంలో రెండేళ్లకోసారి కన్వీనర్‌ను మారిస్తే సాక్షులకు ధైర్యం చెప్పేదెవరు?

ఈ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ జ్ఞాపకమంతా ఒక్క మనిషి తలలో, ఒక్క ఫోన్‌లో ఉంటే ప్రమాదం తగ్గదు. ఆయన జబ్బు పడినా, పార్టీ మారినా కేసు అనాథే. కాబట్టి పరిమితి పదవికి పెట్టాలి, కేసు బాధ్యతకు కాదు. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, పరిహారం ఉత్తర్వుల నకళ్లు కమిటీ దగ్గర ఉండాలి. దిగిపోయిన కన్వీనర్ ఏడాదిపాటు ఓటు లేని సలహాదారుగా కొనసాగాలి. అట్రాసిటీ నిరోధక నిబంధనల ప్రకారం జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి సమావేశం కావాలి. ఆ కమిటీకి వినతిపత్రం ఇవ్వడానికి పాత కన్వీనర్ వెంట కొత్తవాళ్లూ వెళ్లాలి. కో-కన్వీనర్‌గా మహిళ ఉండాలి. ఎన్నిక మాత్రం సుగ్గికి పోయినవాళ్లు తిరిగొచ్చాకే జరగాలి.

రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికి, చివరకు నియంతృత్వానికి దారి తీస్తుందని 1949 నవంబర్ 25న అంబేద్కర్ రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఆ ప్రసంగాన్ని ఏటా స్మరించుకునే సంఘాలు దాన్ని తమ మండల కమిటీకీ వర్తింపజేసుకోవాలి. కన్వీనర్ ఫోన్ స్విచాఫ్ అయిన రోజు బాధిత కుటుంబం ఎవరి తలుపు తట్టాలి? దీనికి జవాబు ఒక్క పేరు దగ్గరే ఆగిపోతే, అక్కడ ఉన్నది మనిషే, సంఘం ఇంకా ఏర్పడలేదు.