సంగటి తిన్నవాళ్లు, సంగటి కెలికినవాళ్లు

కడపలో ఒక సాహిత్య సభ. మధ్యాహ్నం భోజనాల్లో రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి పెట్టారు. ఒక పెద్ద కవి రెండో ముద్ద వేయించుకుని, కళ్లు మూసుకుని, 'మా అమ్మ చేతి సంగటి రుచి మళ్లీ దొరకలేదు. మీ ఆడవాళ్లు ఆ మంచి అలవాట్లన్నీ వదిలేసి మమ్మల్ని జబ్బులపాలు చేశారు' అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆయన చెప్పే సంగటి మా అమ్మకీ తెలుసు. అయితే ఆమెకి గుర్తున్నది రుచి కాదు. కోడికూతకి ముందే లేచి ఇసుర్రాయి ముందు కూర్చోవడం గుర్తుంది. కొర్రలు దంచితే అరచేతుల్లో లేచిన బొబ్బలు గుర్తున్నాయి. పొయ్యి మీంచి దించిన కుండని రెండు పాదాల మధ్య అదిమిపట్టి తెడ్డుతో కెలుకుతుంటే భుజాల్లోకి పాకే నొప్పి, పన్నెండు మంది తిని లేచాక కుండ అడుగున మిగిలే మాడు గుర్తున్నాయి. కవిగారికి ఆ ముద్ద అమ్మ ప్రేమ. మా అమ్మకి అది చాకిరీ. మన కవిత్వంలోకి మాత్రం తిన్నవాళ్ల జ్ఞాపకమే ఎక్కింది.

అమ్మకి పద్దెనిమిదేళ్లుగా షుగర్. రెండేళ్ల కిందట కాలివేలు తీసేశారు. ఏ డాక్టరైనా ఒకటే మాట: 'అన్నం తగ్గించమ్మా, జొన్నరొట్టె తిను, కొర్రలు తిను.' ఆమె తలూపుతుంది, ఇంటికొచ్చి వరిబువ్వే తింటుంది. నేను లెక్చరర్ని కదా, పీచుపదార్థాల గురించీ గ్లైసీమిక్ ఇండెక్స్ గురించీ ఓపిగ్గా పాఠాలు చెప్పాను. ఒకరోజు కంచం పక్కకి తోసి, 'నన్ను మళ్లా ఆ కాలానికి పొమ్మంటావా?' అంది. మొండితనం అనుకున్నాను.

ఆమె పుట్టిల్లు కడప మెట్టలో, అత్తిల్లు ఆలూరు వైపు. రెండు చోట్లా వరిబువ్వ అంటే పండగ, పెళ్లి, ఇంటికొచ్చిన అల్లుడు, లేదా జరం. మామూలు రోజుల్లో గుప్పెడు బియ్యం వండితే అవి మగవాళ్ల కంచాల్లోకే పోయేవి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి కడప దాకా వచ్చే కె.సి. కెనాల్ కింది ఊరికి పిల్లనిస్తే, 'వరిబువ్వ తినే ఇంట్లో పడింది' అని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. మా అమ్మకి ఆ అదృష్టం లేదు. 1983లో ఎన్.టి.ఆర్. ప్రభుత్వం కిలో రెండు రూపాయలకి బియ్యం ఇచ్చినప్పుడు, పండగ కాని రోజున మొదటిసారి తన కంచంలో తెల్లబువ్వ పెట్టుకుంది. ఆ బియ్యం మెట్టపంటల్ని దెబ్బతీసిందని మనం సెమినార్లలో మాట్లాడతాం. అందులో నిజముంది. కానీ ఇసుర్రాయిని మూలకి జరిపిన రోజుని అమ్మ ఇప్పటికీ మురిసిపోతూ చెప్తుంది. ఆ రోజుని 'ఆహార సంస్కృతి విధ్వంసం' అనే హక్కు ఎన్నడూ ఇసరనివాళ్లకి ఎక్కణ్ణించి వచ్చింది?

తిండి అలవాట్లని ఒట్టి తెలివితక్కువతనంగా చూసేవాళ్లకి ఇది అర్థం కాదు. అన్నానికి గౌరవం, జొన్నకి అవమానం అతుక్కుని ఉన్నాయి. ప్రభుత్వం కూడా అదే నేర్పింది. 2013 ఆహార భద్రతా చట్టంలో కిలో బియ్యం మూడు రూపాయలు, గోధుమలు రెండు, 'ముతక ధాన్యాలు' ఒకటి. 2018లో కేంద్రం గెజిట్‌లో పేరు మార్చి ఆ ముతకవాటినే పోషక ధాన్యాలు చేసింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. ఆ ఏడే పద్మశ్రీ వచ్చిన ఖాదర్ వలీ మా ప్రొద్దుటూరులో పుట్టినవాడే. సంతోషం. హాస్టల్లో నా డబ్బాలో జొన్నరొట్టె చూసి నవ్విన స్నేహితురాళ్లే ఇప్పుడు దాని గుణగణాలు నాకు వాట్సాప్‌లో పంపుతున్నారు. గెజిట్‌లో పేరు మారినంత తేలిగ్గా మా అమ్మ మనసులో మారాలా?

రాగుల మీద నాకేం తగువు లేదు. నూరు గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు. అలాగని ముద్ద మీద ముద్ద తింటే సంగటితోనూ షుగర్ పెరుగుతుంది. ఇక 'ఆ రోజుల్లో జబ్బులెక్కడివి' అనేవాళ్లకి ఒక మాట: హైదరాబాద్‌లో గోపాలన్, శ్రీకాంతియా వంటి పోషకాహార శాస్త్రవేత్తలు 1960ల్లో పెల్లాగ్రా మీద పనిచేసింది జొన్నే ఆధారంగా బతికిన దక్కన్ పేదల్లోనే. ఎండ తగిలినచోటల్లా చర్మం నల్లబడి పెచ్చులూడే జబ్బది. తప్పు జొన్నది కాదు. పక్కన పప్పూ పాలూ మాంసం లేకపోవడానిది. కవిగారి అమ్మ కంచంలో పప్పు ఉండేదో లేదో ఆయన చెప్పలేదు.

ఏ సిరిధాన్యాల సభలోనూ వినబడని అలవాటు ఇంకోటి ఉంది. అందరూ తిన్నాక తినడం, మిగిలింది పారేయలేక కడుపులో వేసుకోవడం, ఏమీ మిగలకపోతే టీ తాగి పడుకోవడం. దీన్ని ఎవరూ చెడ్డ అలవాటు అనరు, ఇల్లాలి గుణం అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతానికి రక్తహీనత. మా అమ్మ షుగర్ మాత్ర వేసుకుని, అందరూ తినేదాకా కాచుకుని, రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. ఏం తింటున్నావని డాక్టరు అడిగాడు. ఎవరి తర్వాత తింటున్నావని అడగలేదు. నేనూ అడగలేదు. రెండోసారి ఆమె కాచుకుని కూర్చున్నది నా కోసమే. స్త్రీల ఆరోగ్యం మీద పేపరు చదివి, ఆలస్యంగా ఇంటికి వస్తున్నాను.

మొన్న సంక్రాంతికి తమ్ముడితో పెద్ద గొడవే పడ్డాను. అమ్మ కూడా తన షరతు తేల్చి చెప్పింది: 'నేను చెయ్యను. ఎవురన్నా చేసిపెడితే తింటా.' ఇప్పుడు వారానికి నాలుగు రోజులు వాడు రాత్రి ఏడింటికల్లా రొట్టెలు తట్టి ముందు ఆమెకి పెడుతున్నాడు. వాడి రొట్టెలు అంచులు పగిలి జిల్లా మ్యాపుల్లా ఉంటాయి. అమ్మ తింటోంది. గోడకానుకుని కూర్చుని, పిండిలో పోసే నీళ్లు ఇంకా బాగా కాగాలని వాణ్ణి కసురుతోంది.