అంతరాయమును దాచవలెనా?

సంకేతమును ఉర్దూలో ఇశారా అందురు. కంప్యూటరులోని సిగ్నల్ అట్టి ఇశారాయే. నడుచుచున్న ప్రోగ్రామును భుజము తట్టి పిలుచుట. ప్రోగ్రాము నెట్‌వర్కు నుండి సమాచారము తెచ్చి ఇమ్మని కెర్నెలును కోరి (దీనినే సిస్టమ్ కాల్ అందురు) వేచియుండగా ఆ తట్టు పడినచో కోరిన పని ఏమగును?

బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్సు సూటిగా సమాధానమిచ్చెను. పని విడిచి, అంతరాయము కలిగినదని తెలుపు ఈఇంటర్ అను దోషముతో తిరిగి వచ్చును. మరల అడుగుట ప్రోగ్రాము వ్రాసినవాని పని. 1983లో బర్క్‌లీ నుండి వెలువడిన 4.2 బి.ఎస్.డి. దీనిని మార్చి, పనిని తిరిగి ప్రారంభించు భారమును కెర్నెలుకే అప్పగించినది. తరువాత ఎస్‌ఏ రీస్టార్ట్ అను గుర్తుతో ఆ ఎంపిక రచయితకే లభించెను. లైనక్సులో సెమఫోరుకై వేచియుండుట ఆ గుర్తున్నను తెగిపోవుచుండెడిది. 2007 నాటి 2.6.22 నుండి అదియు తిరిగి సాగుచున్నది. పైథాన్ భాష 2015లో 3.5తో ఈ శ్రమను తానే పైన వేసికొన్నది.

ఇది సౌకర్యమే, కాదనను. కాని కెర్నెలు చూచుకొనునులే అను ధీమా విద్యార్థికి తగదని నా అభిప్రాయము. పోల్, సెలెక్ట్, నానోస్లీప్ వంటివి లైనక్సులో ఆ గుర్తున్నను తిరిగి ప్రారంభము కావు. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి. ఇల్లాలు బియ్యము కొలుచుచుండగా వాకిట ఎవరో పిలిచిరనుకొనుడు. ఒక్క మానికయు కొలువకున్న మొదటినుండి కొలువవచ్చును. మూడు మానికలు కుండలో పడిన పిమ్మట మరల మొదటినుండి కొలిచిన అన్నము మిగిలిపోవును! మూడని చెప్పి ఆగుటయే న్యాయము. కెర్నెలును అంతే చేయును: కొంత సమాచారము పంపిన పిదప సిగ్నల్ వచ్చినచో దోషము చూపదు, పంపినంత సంఖ్యను మాత్రమే చేతికిచ్చును. ఆ సంఖ్యను చూడని ప్రోగ్రాము మొత్తము పంపితినని నమ్మును.

మన ప్రయోగశాల రికార్డులలో ఆ సంఖ్యను పరీక్షించిన ప్రోగ్రాములు బహు తక్కువ. పరీక్షకులును అడుగరు. రేపు దుత్తలూరు రైతు కట్టిన అప్పు వాయిదా పద్దు మీరు వ్రాసిన ప్రోగ్రాము ద్వారానే ఉదయగిరికో ఆత్మకూరుకో చేరవలసియుండవచ్చును. సగము పద్దు చేరినచో బాకీ నోటీసు అందుకొనువాడు ఆ రైతే.

కావున కళాశాల సంఘమువారికి నా మనవి ఒక్కటే. ప్రాక్టికల్ పరీక్షలో ప్రోగ్రాము నడుచుచుండగా కిల్ ఆజ్ఞతో ఒక సిగ్నల్ పంపి చూడుడు. తట్టుకొనినదానికే పూర్తి మార్కులిండు.