ముందు మన కొడుకుల్ని పంపుదాం

మొన్న దసరాకు ఇస్లాపూర్‌లో అందరం కలిసినప్పుడు మళ్లీ అదే మాట వచ్చింది. "ప్రతి పోరగాణ్ణీ నాలుగేళ్లు మిలిటరీకి పంపాలె, అప్పుడు బుద్ధొస్తది." అన్నది పుణె ఏసీ ఆఫీసుల్లో కూర్చునే మావాళ్లే. మేమూ అలాంటి ఆఫీసులోనే కూర్చుంటాం, ఈ రాత మాకూ తగులుతుంది. తగలనీ.

మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు. అందరూ ఇష్టంతో పోయేవాళ్లేనట. ఆ ఇష్టం ఏమిటో మా మేనల్లుణ్ణి అడగండి. పొద్దుగాల నాలుగింటికి లేచి సహస్రకుండ్ రోడ్డు మీద ఉరికేవాడు. 1,600 మీటర్లు, అయిదున్నర నిమిషాల్లో. ఇంట్లో ఉన్నది వాన మీద ఆధారపడ్డ పత్తి చేను. పదిహేనేళ్ల నౌకరీ, ఆ తర్వాత పెన్షన్, ఇదీ వాడి లెక్క. కరోనా పేరిట రెండేళ్లు భర్తీ ఆపేశారు. వాడి వయసు మాత్రం ఆగలేదు.

2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ల తర్వాత నూటికి 25 మందిదాకా ఉంచుకుంటారు, మిగతావాళ్లు సుమారు 11.71 లక్షలు పట్టుకుని ఇంటికి. అందులో వాళ్ల జీతంలోంచి కోసిన సొమ్మూ ఉంది. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. వయసు 21 దాటొద్దన్నారు. గొడవయ్యాక రెండు రోజులకే, ఆ ఒక్క ఏడాదికి 23 అన్నారు. మా టెస్టింగ్ పనిలో రిలీజయ్యాక ఇట్ల మారిస్తే ముందు అడిగేది, దీన్ని చూసిందెవరని. మేనల్లుడికి అప్పటికే ఇరవై నాలుగు.

జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబెట్టారు. అది తప్పే. పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా కుర్రాడొకడు చచ్చిపోయాడు. ఆ గుంపులో చాలామంది పరుగూ మెడికలూ పాసై రాత పరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. ఆరోజు మా కుటుంబ గ్రూపులో ఒకరు "దేశద్రోహులు" అని రాశారు. మేనల్లుడు ఆ గ్రూపులోనే ఉన్నాడు. ఏమీ అనలేదు, చూసినట్టు టిక్కులు మాత్రం పడ్డాయి.

సైన్యం సగటు వయసు 32 నుంచి 26కి తగ్గాలని సర్కారు వాదన. అవసరమే కావచ్చు. కానీ ఆ అవసరాన్ని ఎవరి ఇల్లు మోస్తున్నది? మరాఠీ మీడియంలో మాతో చదివినవాళ్లలో పటాలానికి పోయినవాళ్లంతా కూలీల పిల్లలే, డాక్టరు కొడుకు ఒక్కడూ పోలేదు. సింగపూర్‌లో స్థిరపడి పీఆర్ తీసుకున్న తెలుగువాళ్ల మగపిల్లలు రెండేళ్లు సేవ చేయాల్సిందే, తండ్రి బ్యాంకులో పెద్ద మేనేజరైనా సరే. నిర్బంధమంటే అది. మనవాళ్లు కోరుకునేది ఇంకొకటి: పక్కింటోడి కొడుక్కి క్రమశిక్షణ.

అడగకుండా నిర్ణయిస్తే ఎట్లుంటదో మా తాతలకు తెలుసు. 1956 నవంబరు 1న బోథ్ తాలూకాలోంచి ఇస్లాపూర్ సర్కిల్‌ను తీసి బొంబాయి రాష్ట్రంలో కలిపారు. పడుకున్నది ఒక రాష్ట్రంలో, లేచింది ఇంకో రాష్ట్రంలో.

మేనల్లుడు ఇప్పుడు భోకర్ వైపు జిన్నింగ్ మిల్లులో పని చేస్తున్నాడు. వచ్చే దసరాకు ఆ మాట అనదలచినవాళ్లు తమ కొడుకును వెంట తీసుకురండి. పొద్దున నాలుగింటికి సహస్రకుండ్ రోడ్డు మీద కలుద్దాం. గడియారం తాను పట్టుకుంటానన్నాడు.