మందు వెనక మనుషులు

కాలేజీలో తెలుగు లెక్చరరుకు పాఠం చెప్పడంతో పని తీరదు. ఊళ్ళోంచి ఎవరొచ్చినా స్వాగతోపన్యాసం ఇచ్చే పూచీ కూడా ఆయనదే. మొన్న మా పిల్లల్ని ఉద్యోగాలకు ఎంచుకోడానికి వైద్యపరికరాలు తయారుచేసే కంపెనీవారు వస్తే, ప్రిన్సిపాలుగారు యథాప్రకారం నన్ను వేదిక ఎక్కించారు. నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాను. నున్నని కాగితం మీద రంగుల్లో అచ్చొత్తించిన పుస్తకం ఒకటి అందరికీ పంచారు. పరికరాల సంగతి నా బుర్రకెక్కదు గనక, అర్థమయ్యే పుటలు ఏవా అని వెతుక్కున్నాను. చివర దొరికాయి: కంపెనీని నడిపేవారు ఎవరు, ఎక్కడ చదివారు, ఎక్కడెక్కడ పనిచేసి వచ్చారు అనే పరిచయాలు.

చదువుతూంటే నవ్వొచ్చింది. అచ్చంగా మన ప్రబంధాల అవతారికే! ముందు సంస్థాపకులవారి నిలువెత్తు ఫోటో, అది ఇష్టదేవతాస్తుతి. ఆయన చదివిన విశ్వవిద్యాలయాల పేర్లు పూర్వకవిస్తుతి. పెట్టుబడి పెట్టినవారి ఘనత కృతిపతి వంశవర్ణన. బజారులో దొరికే తక్కిన పరికరాలు ఎందుకు పనికిరావో చెప్పే పేరా సాక్షాత్తూ కుకవినింద. షష్ఠ్యంతాలు ఒక్కటే తక్కువ.

సభ అయ్యాక బి.కాం. చదివే కుర్రవాడొకడు నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, మందులూ పరికరాలూ అంటే డాక్టర్ల వ్యవహారం కదండీ, అక్కడ మాబోటివాళ్ళకేం పని?" అని అడిగాడు. తప్పు వాడిది కాదు. డాక్టరు సీటు వస్తే వైద్యం, రాకపోతే వైద్యంతో ఋణం తీరిపోయినట్టే అని మన ఇళ్ళలో పిల్లలకు ఉగ్గుపాలతో చెబుతున్నాం. నాకు వైద్యం తెలియదు గాని, మనుషుల చరిత్రలు చదివే అలవాటుంది. అంచేత ఆ అవతారికల్నే పట్టుకుని కాస్త వెనక్కి వెళ్ళాను.

యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినని తెలుగు ఇల్లు తక్కువ. ఆయన చేసిందేమిటో చెప్పగల ఇల్లు ఇంకా తక్కువ. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుతూ ఖద్దరు కట్టినందుకు దొరగారికి కోపమొచ్చి, ఎం.బి.బి.ఎస్. దక్కక, ఎల్.ఎం.ఎస్. అనే చిన్న డిగ్రీతో బయటపడ్డారు. మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే లెక్చరరుగా కొన్నాళ్ళున్నారు. 1923లో అమెరికా వెళ్ళి హార్వర్డులో ఎంతో పని చేశారు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి, 1942 నాటికి అక్కడి పరిశోధనలకు డైరెక్టరయ్యారు. బోదకాలుకు ఇప్పటికీ వాడే డి.ఇ.సి. మాత్ర ఆయన నడిపిన ఆ ప్రయోగశాలల్లోదే.

నన్ను ఆకట్టుకున్నది ఆయన ఒక్కరే కాదు, ఆయన కింద పనిచేసినవారు. బెంజమిన్ డగ్గర్ అని ఒక వృక్షశాస్త్ర ఆచార్యుడు ఉండేవాడు. విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసి, డెబ్బై దాటిన వయసులో 1944లో లెడర్లీలో చేరాడు. మనలో అయితే భాగవతం ముందేసుకుని అరుగు మీద కూర్చునే వయస్సది! ఆయనకిచ్చిన పని ఊరూరి మట్టి తెప్పించి, అందులో రోగక్రిముల్ని చంపగల సూక్ష్మజీవులేమైనా ఉన్నాయేమో చూడటం. మిస్సోరీ రాష్ట్రంలో విశ్వవిద్యాలయంవారి పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు పదార్థం తయారుచేసే జీవి ఒకటి దొరికింది. 1948లో ఆరియోమైసిన్ అనే పేరుతో అది మందుల షాపులకు వెళ్ళింది. తర్వాత మన డాక్టర్లు చీటీల మీద తెగ రాసిన టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. మట్టి సంగతి తెలిసిన ముసలాయన్ని మందుల కంపెనీలో కూర్చోబెట్టాలని తోచిందే, ఆ తోచడాన్ని నేను మెచ్చుకుంటాను.

ఇక మన దేశానికి వద్దాం. నా దృష్టిలో ఇందుకు మన దగ్గర అన్నిటికన్నా గట్టి దృష్టాంతం తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ. దాన్ని కట్టి నిలబెట్టిన వాళియత్తన్‌గారు గుండె శస్త్రవైద్యులు. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పని నేర్చుకుని తిరిగి వచ్చి, కొంతకాలం మద్రాసు ఐ.ఐ.టి.లో ఇంజనీర్ల మధ్య గడిపి, 1970లలో తిరువనంతపురం చేరారు. ఆయన ముందున్న బాధ మన పేద ఇళ్ళకు తెలిసిన బాధే. పిల్లకు గొంతునొప్పి వస్తుంది, తగ్గిపోతుంది. తర్వాత కీళ్ళు వాస్తాయి, అవీ తగ్గుతాయి. కొన్నేళ్ళకు చూస్తే గుండెలోని కవాటం చెడిపోయి ఉంటుంది. కవాటం మార్చాలి. విదేశాల నుంచి తెప్పించాలంటే ఆ ఇల్లు అమ్మినా చాలదు. కత్తి పట్టే చెయ్యి ఉంది, వెయ్యడానికి కవాటం లేదు!

మనమే చేద్దామన్నారు. చెప్పినంత తేలికా? గుండె నిమిషానికి డెబ్బై సార్లు కొట్టుకుంటుందనుకుంటే, ఏడాదికి కవాటం నాలుగు కోట్ల సార్లకు కొంచెం తక్కువగా తెరుచుకుని మూసుకోవాలి. మన వీధి తలుపు బందు ఏడాదికెన్నిసార్లు ఊడుతుందో లెక్క చూసుకోండి. ఈ పనికి డాక్టరు చాలడు. లోహాల సంగతి తెలిసినవాడు, ప్లాస్టిక్కుల సంగతి తెలిసినవాడు, అరుగుదల లెక్కకట్టేవాడు, రక్తం గడ్డకట్టకుండా ఉందో లేదో చూసేవాడు, గొర్రెలకు ఆపరేషన్ చేసి సాకే పశువైద్యుడు, వీళ్ళంతా కావాలి. ఆ బృందాన్ని నడిపిన భువనేశ్వర్‌గారు ఇంజనీరు. ఆస్పత్రి ఒకచోట, ఇంజనీర్ల ప్రయోగశాల మరోచోట, రెంటికీ యజమాని ఒకే సంస్థ. అది ఆరోగ్యశాఖ కింద కాక కేంద్ర సైన్సు, టెక్నాలజీ శాఖ కింద ఉండటం యాదృచ్ఛికం కాదనుకుంటాను.

మొదటి నమూనా పోయింది. రెండోదీ పోయింది. ఒకదాంట్లో టైటేనియం కమ్మీ విరిగింది, ఒకదాంట్లో లోహం అరిగింది. కృత్రిమ నీలమణితో చేసిన బిళ్ళ పెట్టిన మూడోది గొర్రె గుండెలో పగిలి, గొర్రె చచ్చిపోయింది. సర్కారు సొమ్ము, ఏళ్ళ తరబడి శ్రమ, ఫలితం గొర్రె కళేబరం! ఏ ఆఫీసులోనైనా అక్కడితో ఫైలు మూసేసేవారు. వారు మూయలేదు. నాలుగోసారి బిళ్ళను గట్టి పాలిథిలీన్‌తో చేశారు. ఆ కవాటాన్ని 1990 డిసెంబరు 6న మొట్టమొదటగా ఒక మనిషి గుండెలో అమర్చారు. నా మాటేమంటే, వాళియత్తన్‌గారి పరిచయంలో ఆయన డిగ్రీలు వరసగా రాస్తారు. ఆ మూడు నమూనాల పేరు ఎవరూ రాయరు. నేనైతే డిగ్రీల కంటే ముందు అవే రాస్తాను.

ఇంతవరకూ కథ ప్రయోగశాలలోనే ఉంది. ప్రయోగశాల వంద కవాటాలు చేయగలదు గాని, వేలు చేయలేదు. ఒక్కొక్కటీ మొదటిదానిలాగే ఉండాలి, వెంట్రుకవాసి తేడా రాకూడదు. అది ఫ్యాక్టరీ విద్య. ఆ బాధ్యత టి.టి.కె. వారు తీసుకున్నారు. మన ఆడవాళ్ళకు ప్రెస్టీజి కుక్కరు ద్వారా పరిచయమైన ఆ ఇంటివారే! కుక్కర్లవాళ్ళకు గుండెతో ఏం పని అని అడగవచ్చు. ఆవిరి ఎంతవరకూ నిలిపి ఎప్పుడు వదలాలో తెలిసినవారికి కవాటం మరీ పరాయిదేమీ కాదని మా ఆవిడ వ్యాఖ్యానం. ఏమైతేనేం, ఆ కవాటం ఇప్పటికి లక్ష మందికి పైగా గుండెల్లో కొట్టుకుంటోంది. విదేశపు దానికంటే ఎంతో చవగ్గా దొరికింది.

అదే సంస్థ నుంచి బయటికొచ్చిన రక్తపు సంచి కథ ఇంకా విచిత్రం. రక్తాన్ని గాజుసీసాల్లో నిలవచేసే రోజుల్లో ప్లాస్టిక్కు సంచి చేసే పద్ధతి శ్రీచిత్రవారు కనిపెట్టారు. తీసుకుని ఫ్యాక్టరీ పెట్టేవాడేడీ? మణిపూర్‌లో పనిచేసిన ఐ.ఎ.ఎస్. అధికారి సి. బాలగోపాల్‌గారు 1980లలో ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వచ్చి ఈ పని ఎత్తుకున్నారు. కలెక్టరీ వదులుకుని సంచులు చేస్తానంటే మన ఇళ్ళలో ఏమంటారో వేరే చెప్పాలా? పిల్లనిచ్చిన మామగారి ముఖం ఊహించుకోండి. ఆ పెన్‌పాల్ కంపెనీలో తర్వాత జపాను టెరుమోవారు భాగస్వాములయ్యారు. రక్తపు సంచులు చేయడంలో అది ప్రపంచంలోని పెద్ద కంపెనీల వరసలో చేరింది.

మన హైదరాబాదులో వరప్రసాదరెడ్డిగారి సంగతి చాలామందికి తెలుసు గనక క్లుప్తంగా చెబుతాను. నెల్లూరు జిల్లావారు, ఎలక్ట్రానిక్సు ఇంజనీరు. కామెర్ల జబ్బుల్లో ఘోరమైన హెపటైటిస్ బి.కి విదేశీ టీకా మధ్యతరగతివారికి సైతం అందని ధరలో ఉందని తెలిసి, 1993లో తల్లి పేరున శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. జీవశాస్త్రం ఆయన చదువు కాదు. చదివిన కుర్రవాళ్ళను చేరదీశారు. ఉస్మానియాలోనూ, ఆ తర్వాత సి.సి.ఎం.బి.లోనూ బల్లలు అడిగి పుచ్చుకున్నారు. మన బ్యాంకులు తటపటాయిస్తే ఒమాన్ దేశపు విదేశాంగ మంత్రి డబ్బు పెట్టారు. 1997లో టీకా బజారుకొచ్చింది, ధరలు దిగివచ్చాయి. 2009లో కంపెనీ ఫ్రెంచివారి సనోఫీ చేతికి వెళ్ళింది, అది వేరే చర్చ. మా తెలుగువాళ్ళం మాత్రం 'హాసం' పత్రిక వెనక ఆయన నిలబడటాన్ని కూడా ఈ పరిచయంలో ఒక వాక్యంగా చేరుస్తాం.

ఇవన్నీ చదువుకున్నవారి కథలు. జైపూరు కాలు కథలో రాంచంద్ర శర్మగారికి కాలేజీ చదువే లేదు. ఆయన శిల్పాలు చెక్కే పనివాడు. అక్కడి పెద్దాస్పత్రిలో కుష్ఠురోగులకు చేతిపనులు నేర్పడానికి వచ్చాడు. కాలు పోయినవారికిస్తున్న విదేశీ పద్ధతి కొయ్యపాదంతో చెప్పు లేకుండా నడవలేరు, గొంతుక్కూర్చోలేరు, పొలంలో దిగలేరు. ఎముకల డాక్టరు సేఠీగారు శరీరం సంగతి చెప్పగా, శర్మగారు రబ్బరును మలిచి, 1968 నాటికి వంగే పాదం చేశారు. సేఠీగారికి 1981లో మెగసేసే బహుమతి వచ్చింది, రావలసినదే. మాస్టర్‌జీ పేరు మాత్రం చాలా పరిచయాల్లో చివరి వాక్యంలో ఉంటుంది, కొన్నిట్లో అదీ ఉండదు. తాళపత్రాల మీద లేఖకుడు తన పేరు చివర చిన్నగా చెక్కుకునేవాడు. పాపం, ఈ కాలపు లేఖకుడికి ఆ చోటు కూడా ఎవరో ఇవ్వాలి.

ఇలాంటి పరిచయాల్లో నాకు ఎక్కడా కనబడని మనిషి ఇంకొకడున్నాడు. మా పిన్నికి ఉబ్బసం. పీల్చే మందు, అదే ఇన్‌హేలరు, డాక్టరు రాసిచ్చారు. పెట్టెలో మడిచిపెట్టిన కాగితం మీద తెలుగు కూడా ఉంది. "సంపూర్ణముగా నిశ్వాసించి, తదుపరి ఉచ్ఛ్వాసించుచు మీటను నొక్కవలెను" అని. "ఏది లోపలికిరా, ఏది బయటికి?" అని పిన్ని అడిగింది. మర్నాడు మా శాఖలో అడిగాను. నలుగురం ఎం.ఏ.లం, ఇద్దరు ఒకలా చెప్పారు, ఇద్దరు ఇంకోలా. స్కూలు పుస్తకం తెప్పించి చూస్తే ఉచ్ఛ్వాసం లోపలికి అని తేలింది. ఈలోగా పిన్ని పదిహేను రోజులుగా మందును గాలిలోకి ఊదేస్తోంది!

ఆ కంపెనీలో రసాయనశాస్త్రజ్ఞులున్నారు, ఇంజనీర్లున్నారు, లెక్కలవారున్నారు, వ్యాపారం చదివినవారున్నారు. పిన్నిభాష తెలిసినవాడు ఒక్కడూ లేడు. నేను నాలుగు వాక్యాలు రాసి పోస్టులో పంపాను. ఊపిరంతా బయటికి వదలండి. గొట్టం పెదాల మధ్య బిగించి పెట్టుకోండి. ఊపిరి లోపలికి లాగుతూ మీట నొక్కండి. పది లెక్కపెట్టే దాకా బిగబట్టండి. ఇంతే. నెల తర్వాత మర్యాదగా జవాబొచ్చింది. కాగితం మీది మాటలు మంజూరైనవట; మార్చాలంటే మళ్ళీ మంజూరు కావాలట; నా సూచన సంబంధిత విభాగానికి పంపారట. అక్షరం మారినా అనుమతి కావాలనడంలో న్యాయం లేకపోలేదు. కాకపోతే మొదటిసారి మంజూరు చేసేటప్పుడు ఉబ్బసమున్న ముసలమ్మ చేత ఒకసారి చదివిస్తే సరిపోయేది.

ఆ నాలుగు వాక్యాలూ అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి పిన్ని మందుల డబ్బాలో పెట్టాను. పక్కింటి సీతమ్మగారు నకలు రాసుకుపోయారట, వారి మామగారికని.