స్టిక్కరు చూసి జీపు కొనొద్దు!

"రైతుకు జీపెందుకు?" అని ఎగతాళి చేసేవాళ్లు వానాకాలంలో మన నల్లరేగడి డొంకలో ఒక్కసారి నడిచి చూడాలి. ఎరువు బస్తా అయినా, కాన్పుకొచ్చిన ఆడబిడ్డ అయినా ఆ బురద దాటాల్సిందే. ఫోర్ వీల్ డ్రైవ్ మనకు షోకు కాదు, అవసరం.

ఆ అవసరాన్నే బ్రోకర్లు సొమ్ము చేసుకుంటున్నారు. పాత బండికి కొత్త రంగు, పెద్ద టైర్లు వేసి రేటు పెంచుతున్నారు. ఫోర్ బై ఫోర్ అని స్టిక్కరు అంటిస్తే ముందు చక్రాలు తిరుగుతాయా?

మేము చెప్పేదొకటే. చేతిలో డబ్బు తక్కువైతే పాత థార్‌లో సీఆర్‌డీఈ కన్నా డీఐ మేలు. డీఐని మనకు తెలిసిన మెకానిక్కే విప్పి బిగిస్తాడు. డీఐలో టూ వీల్ డ్రైవ్ బళ్లూ ఉన్నాయి, జాగ్రత్త! ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ఫోర్ వీల్ వేసి బురదలోనే నడపండి, తారురోడ్డు మీద కాదు. చాసిస్ కింద తుప్పు చూడండి. ఆర్‌సీలో గడువెంత మిగిలిందో చూడండి. 29, 30 ఫారాల మీద సంతకాలు, ఫైనాన్స్ ఉంటే ఫారం 35 చేతికి రాకుండా పైసా ఇవ్వొద్దు.

అధిక వడ్డీకి అప్పు తేవద్దు. ముగ్గురు కలిసి ఒక బండి కొనండి. డొంకకు రోడ్డు మాత్రం అందరం కలిసి అడుగుదాం!